మనమా, మేమా?

మొన్న ఆదివారం సాయంత్రం హైదరాబాదు నుంచి మా మేనల్లుడు ఫోను చేశాడు. వాడు గుడ్లవల్లేరులో ఇంజనీరింగు చదివి, పదేళ్లుగా సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్నాడు. ఇప్పుడు వాడి కింద పదకొండుమంది పనిచేస్తున్నారు. కుశలప్రశ్నలు అయ్యాక అసలు సంగతికి వచ్చాడు.

"మావయ్యా, మా ఆఫీసులో అందరికీ 'ఇది మనది' అన్న భావం కలిగించాలని ఒక కార్యక్రమం పెట్టారు. ఒక్కో జట్టు ఒక్కో పుస్తకం ఎంచుకోవాలి. తలా ఒక ప్రతి కంపెనీయే కొనిస్తుంది. వారానికి ఒక అధ్యాయం చదివి చర్చించాలి. మూడు పేర్లిచ్చారు, శుక్రవారంలోగా చెప్పాలి. ఏది కొనమంటావు?"

ఆ మూడూ నేను చదివినవే. ఒకటి డేనియల్ కోయల్ 2018లో రాసిన 'ది కల్చర్ కోడ్'. రెండవది నెట్‌ఫ్లిక్స్ స్థాపకులలో ఒకరైన రీడ్ హేస్టింగ్స్, ఎరిన్ మేయర్ అనే ఆచార్యురాలితో కలిసి 2020లో వెలువరించిన 'నో రూల్స్ రూల్స్'. మూడవది హార్వర్డ్ ఆచార్యురాలు ఏమీ ఎడ్మండ్‌సన్ 2018లో ప్రకటించిన 'ది ఫియర్‌లెస్ ఆర్గనైజేషన్'. ఏదో ఒక పేరు చెప్పి ఫోను పెట్టేసి ఉండేవాణ్ణే. కానీ వాడు చివర్లో, అంత ముఖ్యం కానట్టు, మరో మాట అన్నాడు.

"మా జట్టులో ఒకమ్మాయి పోయిన నెల పెద్ద మీటింగులో లేచి, ఈ తేదీకి ఈ పని పూర్తి కాదు, అయినట్టు చూపిస్తే తర్వాత కూలుతుంది అని చెప్పేసింది. పైవాళ్లకు నచ్చలేదు. ఆ అమ్మాయి రేటింగు కూడా ఈ వారమే నేను రాయాలి. 'జట్టుతో కలిసిపోయే గుణం' అని ఒక గడి ఉంది. అందులో తక్కువ వేయమని సూచన వచ్చింది."

వాడి దృష్టిలో అవి రెండు వేర్వేరు పనులు. ఒకటి పుస్తకం ఎంచడం, రెండవది మార్కు వేయడం. నా దృష్టిలో అవి రెండూ ఒకటే పని. ఎందుకో చెప్పడానికే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ముందుగా భాష సంగతి. ఈ పుస్తకాలన్నిటికీ ప్రాణమైన 'బిలాంగింగ్' అన్న మాటకు తెలుగులో ఒక్క మాట దొరకదని మిత్రులు విచారిస్తుంటారు. నాకు ఆ విచారం లేదు. ఆ మాట కంటే పదునైన పనిముట్టు మన వ్యాకరణంలోనే ఉంది. ఇంగ్లీషువాడికి 'వి' అన్న ఒకే మాట ఉంది. మనకు రెండున్నాయి: మనం, మేము. వింటున్నవాణ్ణి కలుపుకుంటే మనం, వాణ్ణి అవతల నిలబెడితే మేము. మూడేళ్ల పిల్లవాడు కూడా ఈ రెంటినీ పొరపాటున మార్చి పలకడు. "మనం ఊరెళ్తున్నాం" అంటే చెప్పులు వేసుకుంటాడు. "మేం ఊరెళ్తున్నాం" అంటే ఏడుపు లంకించుకుంటాడు.

ఇక ఆఫీసుల్లో వినిపించే ఇంగ్లీషు వాక్యాలను తెలుగు చేసి చూడండి. 'వియార్ ఎ ఫ్యామిలీ' అంటే మనమంతా ఒక కుటుంబం. 'వి హావ్ డిసైడెడ్ టు లెట్ యు గో' అంటే నిన్ను పంపించాలని మేము నిర్ణయించాం. ఇంగ్లీషులో రెండింటా అదే మాట. ఆ మాట చాటున ఒక గోడ లేస్తుంది, కానీ లేచిన చప్పుడు వినబడదు. తెలుగులో ఆ దొంగతనం సాగదు. కాబట్టి ఈ పుస్తకాలను తూచడానికి నేను వాడే తక్కెడ ఇది. ఇందులోని 'వి' అన్న మాట మనమా, మేమా? అది తేల్చుకోవడానికి ఒకటే ప్రశ్న: 'కాదు' అన్నవాడు ఆ తర్వాత కూడా 'మనం'లో మిగిలాడా?

ఈ తక్కెడలో మొదట కోయల్ పుస్తకాన్ని పెడదాం. చదివించే పుస్తకం అది, సందేహం లేదు. గొప్పగా పనిచేసే జట్లను వెతుక్కుంటూ వెళ్లి, వాటిలోని చిన్న చిన్న సంజ్ఞలు మనిషికి 'నువ్వు మావాడివి' అని ఎలా చెబుతాయో వివరిస్తాడు. అందులో మనకు దగ్గరైన కథ ఒకటుంది. విప్రో వారి కాల్ సెంటరులో ఉద్యోగులు ఎక్కువకాలం నిలవక వెళ్లిపోతున్నారు. పరిశోధకులు కొత్తగా చేరినవారిని జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు మొదటిరోజు ఒక గంటసేపు కంపెనీ గొప్పలు చెప్పి, కంపెనీ పేరున్న చొక్కా ఇచ్చారు. ఇంకొక జట్టుకు అదే గంటలో వారి గురించి వారినే అడిగి, కంపెనీ పేరు పక్కన వారి పేరు కూడా ఉన్న చొక్కా ఇచ్చారు. కొన్ని నెలలకు చూస్తే రెండవ జట్టువారే చాలా ఎక్కువమంది ఉద్యోగంలో నిలిచారు. ఒక గంట పలకరింపు, ఒక పేరు కుట్టిన చొక్కా, అంతే. ఇదీ మమకారపు మహిమ అని గ్రంథకర్త మురిసిపోతాడు.

పరిశోధన ఫలితాన్ని నేను కాదనను. మనిషిని పేరుపెట్టి పలకరించడం మంచిదే. నా తగవంతా ఆ ఫలితానికి పెట్టిన పేరుతో. అక్కడ కొలిచినది ఏమిటి? ఉద్యోగులు వెళ్లిపోకపోవడం. ఎవరికి లాభం? మళ్లీ మళ్లీ కొత్తవారికి శిక్షణ ఇచ్చే ఖర్చు తప్పినవారికి. ఆ నిలిచిన ఉద్యోగుల రాత్రి వేళలు మారాయా? జీతం పెరిగిందా? అవతల ఖండంలో కోపంగా ఉన్న మనిషి తిట్లు తినే పనిలో, 'ఈ పద్ధతి మార్చండి' అనే హక్కు ఒక్కటైనా దక్కిందా? ఆ ప్రశ్నలకు కథలో చోటు లేదు. కట్టుగొయ్య దగ్గర పశువు పారిపోకుండా ఉంటే అది ఇంటిమీద మమకారం అనుకునే రైతు మా డెల్టాలో ఒక్కడూ ఉండడు. వెళ్లకపోవడం వేరు, తనదనుకోవడం వేరు. న్యాయంగా చెప్పాలంటే కోయల్ పుస్తకంలో నిర్మొహమాటంగా మాట్లాడుకునే జట్ల కథలూ ఉన్నాయి. కానీ ఆ నిర్మొహమాటం ప్రతిచోటా ఒక మంచి నాయకుడు దయతో ఇచ్చిన వరం. నాయకుడు మారితే ఆ వరం ఏమవుతుందో ఆయన మనకు చెప్పడు.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పక తప్పదు. చాలాకాలం క్రితం నేను పనిచేసిన ఒక కార్యాలయంలో గోడకు సూచనల పెట్టె ఉండేది. ఎర్రరంగు చెక్కపెట్టె, పైన చిన్న కన్నం, కింద తాళం. "ఇది మన సంస్థ, మీ ఆలోచనలు పేరు రాయకుండా వేయవచ్చు" అని పైన అందమైన అక్షరాలు. రెండేళ్లలో ఆ పెట్టె రెండుసార్లు తెరిచారు. రెండవసారి తెరిచినప్పుడు అందులో ఒక చీటీ దొరికింది. ఫలానా లెక్క ప్రతినెలా రెండుచోట్ల రెండు రకాలుగా రాస్తున్నారు, సరిచేయకపోతే ఒకనాడు చిక్కు వస్తుంది అని. పేరు లేదు. మా పైఅధికారి ఆ చీటీని బల్లమీద పరిచి, హాజరుపట్టీ తెప్పించి, దస్తూరీ పోల్చి చూశాడు. నా పక్క కుర్చీలో కూర్చునే మనిషిని పిలిపించి, "మనలో మనకు చీటీలెందుకండీ, వచ్చి చెబితే పోదా?" అన్నాడు నవ్వుతూ. మూడు నెలల్లో ఆయనకు దూరప్రాంతానికి బదిలీ అయింది. పిల్లల చదువులు చెడ్డాయి.

ఆ దస్తూరీ ఎవరిదని మొదట నన్నే అడిగారు. నాకు తెలుసు. తెలియదన్నాను. అంతవరకే నా ధైర్యం. కానీ ఆ లెక్క తప్పేనని నాకూ తెలుసు, ఆ మాట మాత్రం అనలేదు. ఆయన వెళ్లినరోజు అందరం కలిసి శాలువా కప్పాం, ఫోటో దిగాం. ఆ ఫోటోలో నేను నవ్వుతూ ఉన్నాను. ఆ తర్వాత ఆ పెట్టెలో చీటీ పడలేదు. సంస్థలో ఐకమత్యం వెల్లివిరిసిందని ఆ ఏటి నివేదికలో రాసుకున్నారు.

కాబట్టి 'మనం' అనే మాటకు నేను తేలిగ్గా కరిగిపోను.

రెండవ పుస్తకం హేస్టింగ్స్‌ది. దీనిమీద నాకు ఒక విచిత్రమైన గౌరవం ఉంది. ఎందుకంటే ఇది అబద్ధం చెప్పదు. మేం కుటుంబం కాదు, ఆటగాళ్ల జట్టు అని మొదటే తేల్చేస్తుంది. ఒక మనిషి రేపు రాజీనామా ఇస్తే, ఆపడానికి పాటుపడతావా అని ప్రతి మేనేజరూ తననుతాను అడుగుకోవాలట. ఆపనని జవాబు వస్తే అతనికి మంచి మొత్తం చేతికిచ్చి సాగనంపాలి. దానికి 'కీపర్ టెస్ట్' అని పేరు. సెలవులకు లెక్క లేదు, ఖర్చులకు ముందస్తు అనుమతి లేదు, కొత్త పని చేయడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఈ స్వేచ్ఛ నుంచే నవకల్పనలు పుడతాయని సిద్ధాంతం.

కానీ ఆ పుస్తకంలోనే ఆ సిద్ధాంతానికి ఎదురుసాక్ష్యం ఉంది. 2011లో నెట్‌ఫ్లిక్స్ డీవీడీల వ్యాపారాన్ని విడదీసి 'క్విక్‌స్టర్' అని వేరే పేరు పెట్టాలని చూసింది. చందాదారులు మండిపడ్డారు. ఒక్క త్రైమాసికంలో 8 లక్షలమంది వెళ్లిపోయారు. షేరు ధర కుప్పకూలింది. ఆ తర్వాత తెలిసిందేమంటే, అది తప్పు నిర్ణయమని పెద్ద పెద్ద ఉద్యోగులకు ముందే అనిపించింది, కానీ పైకి చెప్పలేదు. దాంతో ఇకనుంచి ప్రతి ప్రతిపాదనకూ అసమ్మతిని అడిగి మరీ రాబట్టాలని నియమం పెట్టుకున్నారు. మంచిదే. కానీ గ్రంథకర్త అడగని ప్రశ్న ఒకటుంది. స్వేచ్ఛే ధర్మమని చెప్పుకున్న చోట, లక్షల డాలర్ల జీతాలు తీసుకునేవారు, ఎందుకు నోరు మూసుకున్నారు? కీపర్ టెస్ట్ తలమీద వేలాడుతుండగా అసమ్మతి చెప్పమనడం, ఊబిలో నిలబెట్టి గెంతమనడం వంటిది. అమెరికాలో ఆ స్థాయి మనిషికి రేపు ఇంకో కొలువు దొరకవచ్చు. ఇంటి అప్పు నెలనెలా కట్టుకుంటూ, గుడివాడలో తల్లిదండ్రులకు మందుల డబ్బు పంపే పిల్లవాడికి ఆ గుండె ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఈపాటికి కొందరు పెద్దలకు ఉత్సాహం వచ్చి ఉంటుంది. "ఈ పరదేశపు పుస్తకాలెందుకండీ? మన సంప్రదాయంలో ఈ మమకారం ఎప్పటినుంచో ఉంది. ఉమ్మడి కుటుంబం, గురుకులం, కళాకారుల మేళం, ఇవన్నీ ఏమిటి?" అంటారు. ఈ వాదాన్ని కూడా అదే తక్కెడలో పెట్టాలి. మనవాళ్లని మొహమాటం పడకూడదు.

గుడివాడ నుంచి పామర్రు మీదుగా కొద్ది దూరం వెళితే కూచిపూడి. అంతకంటే గొప్ప 'మనం' ఈ డెల్టాలో ఎక్కడుంది? గోల్కొండ తానీషా 17వ శతాబ్దంలో ఆ అగ్రహారాన్ని నాట్యకుటుంబాలకు రాసిచ్చాడని ప్రతీతి. ఆ ఇళ్లలో పుట్టిన ప్రతి మగబిడ్డా జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్రయోగి ఆన పెట్టాడని ఐతిహ్యం. కుటుంబమే పనిచోటు, పనిచోటే కుటుంబం. అంత గాఢమైన బంధం గనుకనే ఆ కళ శతాబ్దాలు నిలిచింది. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఆ 'మనం' గడప ఎవరికి తెరుచుకుంది? ఆ కుటుంబాల మగవారికి మాత్రమే. ఆ ఇళ్ల ఆడపిల్లలకే కాదు, గోదావరి మండలంలో భామాకలాపాన్ని తమ సొత్తుగా ఆడిన కళావంతుల స్త్రీలకూ ఆ రంగస్థలం మీద చోటు లేదు.

ఇక నవకల్పన ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆ గడప దాటినవారి నుంచి వచ్చింది. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారు స్త్రీలకు నేర్పారు. వెంపటి చినసత్యంగారు ఊరు విడిచి మద్రాసు చేరి, 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి, ఏ ఇంట పుట్టినవారికైనా నేర్పారు. ఈనాడు ప్రపంచం కూచిపూడి అనగానే తలచుకునేది ప్రధానంగా స్త్రీలనే. అంటే, పుట్టుకతో వచ్చిన 'మనం' కళను కాపాడింది, దాన్ని కాదన్నవారు కళను పెంచారు. ఈ రెండవ వాక్యాన్ని దాచిపెట్టి మొదటి వాక్యాన్ని మాత్రమే వల్లించడం సంప్రదాయాభిమానం అనిపించుకోదు.

అయితే 'కాదు' అన్నవాడికి చోటు మిగిలిన సంస్థ మన దగ్గర లేనేలేదా? ఉంది, కానీ ఆ కథకు సుఖాంతం లేదు.

1923 నవంబరులో బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకు పెట్టారు. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. అదే మనిషి సహకార బ్యాంకుకూ, బీమా కంపెనీకీ కూడా పురుడు పోశాడు. ఈ ప్రాంతపు రైతు వడ్డీవ్యాపారి గుమ్మం తొక్కకుండా ఉండాలన్నది ఆనాటి తపన. తెలుగువారు ఆ బ్యాంకును 'మన బ్యాంకు' అన్నారు. ఎవరూ శిక్షణ తరగతి పెట్టి అనిపించలేదు. 1980లో అది జాతీయమైంది. 1981లోనే క్రెడిట్ కార్డులు ప్రవేశపెట్టింది. నవకల్పన అంటే ఇదీ. గాజుగోడల గదులూ రంగురంగుల కుర్చీలూ లేకుండానే జరిగింది.

2019 ఆగస్టు 30న ఢిల్లీలో ఒక ప్రకటన వెలువడింది. 2020 ఏప్రిల్ 1న, దేశమంతా లాక్‌డౌనులో తలుపులు మూసుకుని ఉండగా, ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ముప్ఫై ఏళ్లు 'మా బ్యాంకు' అన్నవారిని ఎవరూ ఒక మాట అడగలేదు. అంటే వారు 'మనం' అనుకున్నది నిర్ణయం వేళకు 'మేము' అయింది. ఇది నిజం, ఇందులో చేదు ఉంది.

కానీ ఇంకో నిజం కూడా ఉంది. ప్రకటనకూ విలీనానికీ మధ్య, 2019 అక్టోబరు 22న, బ్యాంకు ఉద్యోగుల సంఘాలు ఈ విలీనాలకు వ్యతిరేకంగా దేశవ్యాప్తంగా సమ్మె చేశాయి. వారి మాట నెగ్గలేదు. అయినా రోడ్డుమీదికి వచ్చి జెండా పట్టుకున్న గుమాస్తా మర్నాడు తన కౌంటరులో తాను కూర్చోగలిగాడు. ఆ రోజు జీతం పోయి ఉండవచ్చు, కుర్చీ పోలేదు. ఆ కుర్చీని కాపాడింది ఏ పుస్తకమూ కాదు, ఏ మంచి నాయకుడి హృదయవైశాల్యమూ కాదు. సంఘమూ, రాసిపెట్టిన సర్వీసు నిబంధనలూ. వాదంలో ఓడిపోయి కూడా లోపలే ఉండగలగడం, నా లెక్కలో మమకారానికి అసలు రుజువు అదే. సూచనల పెట్టెలో చీటీ వేసిన నా మిత్రుడికి దక్కనిది అదే.

ఇప్పుడు మూడవ పుస్తకానికి వస్తాను. దానికి ముందు పెడన దాకా ఒకసారి రండి, గుడివాడ నుంచి బందరు వెళ్లే రైలుదారిలోనే. అక్కడి అద్దకపు షెడ్లలో బందరు కలంకారీ తయారవుతుంది. 2008లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. గుడ్డను కరక్కాయ రసంలో, పాలలో నానబెట్టి ఆరవేస్తారు. టేకు అచ్చులతో ముద్ర వేస్తారు. నలుపుకు బెల్లమూ ఇనుమూ ఊరబెట్టిన నీళ్లు. ఎరుపుకు పటిక. ఇక్కడే ఒక రహస్యముంది. పటిక అద్దినప్పుడు గుడ్డమీద ఎరుపు కనబడదు. పారే నీటిలో జాడించి, రంగు కాగులో ఉడికించినప్పుడే, పటిక తగిలిన చోటల్లా ఎరుపు తేలుతుంది. అంటే పొద్దున అచ్చు పక్కకు జారిన తప్పు, చాలాసేపు అచ్చు వేసిన చేతికి మాత్రమే తెలుసు. ఆ చేయి గలవాడు అప్పుడే చెబితే పోయేది ఒక జానెడు గుడ్డ. భయపడి మింగేస్తే కాగులోంచి తాను మొత్తం చెడి బయటికి వస్తుంది.

ఎడ్మండ్‌సన్ పుస్తకమంతా ఈ కాగు కథే. ఆమె తొలిరోజుల్లో ఆసుపత్రులలో మందుల పొరపాట్లను పరిశీలించింది. మంచి జట్లలో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుని లెక్కతీస్తే, తలకిందులుగా వచ్చింది. మంచి జట్లలోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. తీరా ఆలోచిస్తే, వారు ఎక్కువ తప్పులు చేయడం లేదు, చేసినవి ఎక్కువగా చెబుతున్నారు. మిగతాచోట్ల కాగు మూత తెరవలేదు, అంతే. అక్కణ్ణుంచి బయలుదేరి ఆమె 1999లో ఒక ప్రసిద్ధ పరిశోధనాపత్రం రాసింది. పుస్తకానికి వచ్చేసరికి ఫోక్స్‌వ్యాగన్ పొగ పరీక్షల మోసమూ, వెల్స్ ఫార్గో బ్యాంకు బాగోతమూ చేరాయి. ఆ బ్యాంకులో అందుకోలేని లక్ష్యాలు పెడితే ఉద్యోగులు ఖాతాదారులకు తెలియకుండానే లక్షల ఖాతాలు తెరిచారు. 2016లో బయటపడేసరికి దాదాపు 5,300 మందిని ఉద్యోగాల నుంచి తీసేశారు. ఫిర్యాదు చేసినందుకే తమను వెళ్లగొట్టారని కొందరు మాజీ ఉద్యోగులు ఆ తర్వాత చెప్పుకున్నారు.

మూడింటిలో ఈ ఒక్క పుస్తకం 'కాదు' అన్నవాడినీ, అనలేకపోయినవాడినీ కథ మధ్యలో నిలబెట్టింది. నా ఓటు దీనికే. కానీ ఇది కూడా పూర్తి పుస్తకం కాదు. ఇది భయాన్ని నాయకుడు తన మాటతీరుతో పోగొట్టవలసిన ఒక మానసిక స్థితిగా చూస్తుంది. జీతం, బదిలీ, తొలగింపు, సంఘం, చట్టం, ఇవి ఆ పుస్తకపు అంచుల్లోనే ఉండిపోయాయి. ఉద్యోగి భయం చాలాసార్లు మానసికం కాదు, సహేతుకం. పులి ఉన్న గదిలో భయపడేవాడికి ధైర్యవచనాలు కాదు కావలసింది, పులికి గొలుసు.

అందుకని మా మేనల్లుడి జాబితాలో లేని నాలుగవ పుస్తకాన్ని చేర్చాను. టొయోటా ఉత్పత్తి పద్ధతి గురించి తైచీ ఓనో 1978లో జపాను భాషలో రాసినది. ఇంగ్లీషులోనూ దొరుకుతుంది. నేతగాళ్ల ఊళ్ల మధ్య పెరిగిన నాకు అందులో నచ్చినది దాని మూలం. ఆ కంపెనీ మూలపురుషుడు సాకిచి టొయోడా మగ్గాల మనిషి. పోగు తెగగానే తనంత తానే ఆగిపోయే మరమగ్గాన్ని ఆయన 1924 నాటికి సిద్ధం చేశాడు. ఆగడమే దాని గొప్పతనం. మన పెడన నేతగాడు చేత్తో చేసే పనే అది. పోగు తెగితే ఆగి, ముడివేసి, మళ్లీ సాగుతాడు. ఆ సూత్రాన్నే తర్వాత కార్ల కర్మాగారానికి తెచ్చారు. లోపం కనబడితే వరుసలో నిలబడిన మామూలు పనివాడు సైతం తాడు లాగి పని ఆపించవచ్చు.

ఆ తాడు కథను మేనేజిమెంటు పాఠాల్లో అందరూ చెబుతారు. దాని వెనుక ఉన్న 1950ని ఎవరూ చెప్పరు. ఆ ఏడు టొయోటాలో పెద్ద సమ్మె జరిగింది. వేలాదిమంది ఉద్యోగాలు పోయాయి. అధ్యక్షుడు కీచిరో టొయోడా కూడా రాజీనామా చేయవలసివచ్చింది. మరుసటి ఏడు, 1951లో, పనివారి సూచనల పద్ధతి మొదలైంది. 1962లో యాజమాన్యమూ కార్మిక సంఘమూ పరస్పర విశ్వాసం మీద ఉమ్మడి ప్రకటన చేశాయి. అంటే 'మనం' అనే మాట అక్కడ ఉపన్యాసంలో పుట్టలేదు, తగవులో పుట్టింది. ఇంటికి పంపరన్న నమ్మకం లేనివాడి చేతికి తాడు ఇస్తే, దాన్ని లాగడు. ఎర్రపెట్టెలో చీటీ వేయనట్టే.

నా వాదం ఇంతే. మమకారం పెంచితే నవకల్పన వస్తుందని ఈ పుస్తకాల సరళి. నేను క్రమం మారుస్తాను. ముందు 'కాదు' అన్నవాడి కుర్చీకి భద్రత. అప్పుడు నిజం బయటికి వస్తుంది. నిజం తెలిసినచోట కొత్త ఆలోచన పుడుతుంది. మమకారం వీటన్నిటి తర్వాత, ఎవరూ పిలవకుండా వస్తుంది. క్రమం తప్పించి మమకారాన్ని ముందు కోరేవాడు, పొలం దున్నకుండా పంట కళ్లంలో గడ్డివాము వేయమనేవాడు.

సోమవారం ఉదయం మా మేనల్లుడికి నేనే ఫోను చేశాను. ఎడ్మండ్‌సన్ పుస్తకం కొనమన్నాను. వీలైతే ఓనో పుస్తకం ఒక్క ప్రతి తెప్పించి బల్లమీద పెట్టమన్నాను. వాడు రాసుకున్నాడు. "మరి ఆ అమ్మాయి రేటింగు?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. "తక్కువ వేయకపోతే నా రేటింగు మీద పడుతుంది మావయ్యా" అన్నాడు.

వాడి మీద నాకు కోపం రాలేదు. శాలువా ఫోటోలో నవ్వుతున్న నా మొహమే గుర్తొచ్చింది. వాడికీ ఇంటి అప్పు ఉంది, పిల్ల బడి ఫీజు ఉంది. ఆ భయం ఉత్తది కాదని పైన నేనే రాశాను. అందుకని ధైర్యంగా ఉండమని చెప్పలేదు. ఇంతే చెప్పాను: "ఆ పదకొండుమందీ పుస్తకం తర్వాత చదువుతారు. ముందు నువ్వు వేసే ఆ ఒక్క మార్కు చదువుతారు. అది చదివాక పుస్తకం తెరవవలసిన అవసరం ఎవరికీ ఉండదు, నువ్వు ఏది కొన్నా సరే."

శుక్రవారం ఇంకా రాలేదు.